బొట్టున్న డిస్కు

చర్చి కంప్యూటరు ఆన్ చేస్తే తెర మీద పెళ్ళికూతురు నవ్వింది.

బాసికం, బుగ్గన చుక్క, చేతిలో కొబ్బరిబొండం, అన్నీ ఉన్నాయి. అక్కడ కనిపించాల్సింది తెల్లటి సిలువ, దాని వెనక నీలం ఆకాశం. మా చర్చి ఆఫీసులో పదమూడేళ్ళుగా ఆ కంప్యూటరు తెరిస్తే వచ్చే బొమ్మ అదే. ఆపేసి మళ్ళీ ఆన్ చేశాను. మళ్ళీ ఆవిడే నవ్వింది.

నా పేరు బెన్హర్. నరసన్నపేటలో జగన్నాధం గారి కంప్యూటర్ల రిపేరు షాపులో ఏడేళ్ళుగా మెకానిక్కుని. నేను చాలా జాగ్రత్త మనిషిని. ఈ మాట ఇప్పుడంటే మా ఆవిడ షాలిని మొహం పక్కకి తిప్పుకుని నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఆ శుక్రవారం నేను చేసిన పని ఏదీ అజాగ్రత్తగా చేయలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సంగతి మొదటినుంచి చెప్పాలి. తిత్లీ తుఫానుకి మా చర్చి ఆఫీసు రేకులు లేచిపోయాయి. బీరువాలో ఉన్న సమాధుల తోట రిజిస్టరు వానకి నాని ముద్దయిపోయింది. వారం తరవాత కరెంటు తిరిగొచ్చిన రోజున, ఆ హెచ్చుతగ్గులకి కంప్యూటరు బోర్డు కాలిపోయింది. రిజిస్టరుకి ఉన్న ఒకే ఒక్క నకలు ఆ కంప్యూటర్లోనే ఉంది. చర్చి సెక్రటరీ డేవిడ్‌రాజు గారు రిటైరైన లెక్కల మాస్టారు. రెండువేల ఆరులో ఎండాకాలమంతా కూర్చుని, తోటలో ఎవరు ఏ వరసలో ఎన్నో నంబరులో ఉన్నారో ఆయనే ఎక్కించారు. ఇంకో నకలు తీయలేదేమండీ అంటే, "కంప్యూటర్లో ఉన్నాక మళ్ళీ నకలెందుకయ్యా" అన్నారు. నాలుగు నెలలు దాని ఊసు ఎవరికీ పట్టలేదు. సమాధుల్లో ఉన్నవాళ్ళతో తొందరేముంటుంది?

ఆ తొందర ఫిబ్రవరిలో వచ్చిపడింది. హైవే వెడల్పు చేస్తూ తోటలో రోడ్డు వైపు రెండు వరసలు తీసుకుంటున్నారు. ఆ వరసల్లో మీవాళ్ళుంటే ఆదివారం ఆరాధన ముగిసేలోగా పేరు రాయించండి, ఎముకలు తీసి వెనక వైపు మళ్ళీ భూస్థాపన చేయిస్తాం, రాయించకపోతే మాకు తెలియదు, అని చర్చి కమిటీవాళ్ళు చెప్పేశారు. రాతి సమాధి కట్టించుకున్నవాళ్ళకి బాధ లేదు. మిగతావాళ్ళవన్నీ కొయ్య సిలువలు. అవి ఏనాడో చెదల పాలయ్యాయి.

అప్పుడు బేబీ అత్త షాపుకి వచ్చింది. చుట్టరికమేం కాదు, మా వీధి మనిషి. ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసింది. ముప్పై అయిదేళ్ళ కిందట ఆవిడకి మగబిడ్డ పుట్టి పదకొండో రోజున పోయాడు. ఆవిడ అప్పుడు పురిటి జ్వరంతో తెలివి లేకుండా మంచం మీద ఉంది. మావ ఒక్కడే బిడ్డని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి, పని ముగించి వచ్చాడు. ఆ తరవాత ఒకసారి బస్సులో పోతుంటే, "అదిగో, ఆ గన్నేరు కాడ" అని కిటికీలోంచి చెయ్యి చూపించాడట. అంతకుమించి ఆ మాట ఎత్తలేదు. ఎత్తకుండానే ఆయనా పోయాడు. అత్త మాత్రం ప్రతి ఈస్టరుకీ తెల్లవారుజామునే వెళ్ళి, రోడ్డు వైపు మొదటి వరసలో ఉన్న గన్నేరు కింద కొవ్వొత్తి వెలిగించి వచ్చేది.

"ఆ గన్నేరు కాడ ముగ్గురున్నారట బాబూ. ఏది మా గుంటడిదో నంబరు సెప్పు. ఇంకొకలి ఎముకలు తీసి ఈడే నీ కొడుకంటే, అవునో కాదో నాకేటి తెలుస్తాది?" అంది.

"శనివారానికల్లా చెప్తానత్తా" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పని పెద్దదేం కాదు. బోర్డు కాలింది గానీ హార్డ్ డిస్కు బాగానే ఉంది. దాన్ని తీసి వేరే సీపీయూలో పెడితే చర్చి కంప్యూటరు ఎలా ఉండేదో అలాగే లేచి కూర్చుంటుంది. మాస్టారికి కావలసిందీ అదే. "నాకు కొత్తవేమీ వద్దు. అదే సిలువ, దాని కింద అదే ఫైలు ఉండాలి" అన్నారు. కానీ నేను జాగ్రత్త మనిషిని కదా. అసలు డిస్కుని నేరుగా వాడకుండా, దాని నకలు ఇంకో డిస్కులోకి తీసి, నకలుని కొత్త సీపీయూలో పెట్టి, అసలుని బీరువాలో దాచేద్దామనుకున్నాను. పాతకాలం డిస్కు కాబట్టి దానికి జోడీ దొరకడం కష్టం. ఆమదాలవలసలో మూతపడిన శుభలేఖల షాపుది ఒకటి మా తుక్కులో దొరికింది. అదే కంపెనీ, అదే సైజు. పక్కపక్కన పెడితే కవలలే.

కవలలతో గొడవ రాకుండా మా షాపులో ఒక ఆచారం ఉంది. రాసే పెన్ను ఎప్పుడు వెతికినా దొరకదు. లక్ష్మీదేవి పటం ముందు కుంకుమ భరిణె మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అందుకని ఖాతాదారుల సరుకు ఉన్న డిస్కుకి కుంకుమ బొట్టు పెడతాం. బొట్టు ఉన్నది ముట్టుకోకూడదు, లేనిదాన్ని ఏమైనా చేసుకోవచ్చు. జగన్నాధం గారు పెట్టిన పద్ధతి ఇది. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. నా వేలికి ఎరుపు అంటుకుంటే షాలిని చెయ్యి కడుక్కునే దాకా అన్నం పెట్టదు, అంతకుమించి ఇబ్బంది లేదు.

శుక్రవారం పొద్దున్నే చర్చి డిస్కుకి బొట్టు పెట్టాను. రెండింటినీ పేపరు పరిచి బల్ల మీద పెట్టాను. చర్చిది ఎడమ వైపు, తుక్కుది కుడి వైపు. అప్పుడే డేవిడ్‌రాజు మాస్టారు వచ్చారు. "మాస్టారూ, ఎడం పక్కది మనది. కూర్చోండి, శ్రీకాకుళం బస్సులో కేబులు వస్తోంది, తీసుకొచ్చేస్తాను" అని బయల్దేరాను. బొట్టు సంగతి చెప్పలేదు. చర్చి సభ్యుణ్ణయి ఉండి, చర్చి వస్తువుకి నేనే కుంకుమ పెట్టానని చర్చి సెక్రటరీకి చెప్పడానికి నోరు రాలేదు.

ఇరవై నిమిషాల్లో వచ్చాను. పటం ముందు దీపం, అగరువత్తులు వెలుగుతున్నాయి. అంటే జగన్నాధం గారి తల్లి దేముడమ్మ వచ్చి శుక్రవారం పూజ చేసి వెళ్ళిందన్నమాట. మాస్టారు నిటారుగా కూర్చుని పేపరు చదువుతున్నారు. బల్ల మీద రెండు డిస్కులు. ఒకదానికి బొట్టుంది, ఒకదానికి లేదు. బొట్టున్నదాన్ని అసలుగా, లేనిదాన్ని నకలుగా బిగించాను. ఒకటికి రెండుసార్లు బొట్టు చూసుకుని మరీ బిగించాను. గంటలో కాపీ అయిపోయింది.

నకలుని కొత్త సీపీయూలో పెట్టాను. పెళ్ళికూతురు నవ్వింది.

సరే, కాపీ కాలేదు, తుక్కు డిస్కులో ఉన్న పాతదే మిగిలిపోయింది అనుకున్నాను. దాన్ని తీసేసి, బొట్టున్న అసలు డిస్కునే బిగించాను. ఆన్ చేశాను.

మళ్ళీ అదే పెళ్ళికూతురు, అదే కొబ్బరిబొండం.

 రెండు డిస్కుల్లోనూ ఆవిడే ఉంటే చర్చిది ఏమైనట్టు? నేను బిగించిన డిస్కు ఏది, తీసిన డిస్కు ఏది? ఒక పేపరు ముక్క మీద ఒకటి, రెండు అని రాసి మళ్ళీ మొదటినుంచి పెట్టి చూశాను. ఒకటిలోనూ ఆవిడే, రెండులోనూ ఆవిడే. లోపల ఫైళ్ళు తెరిచి చూశాను. మూడు వందల శుభలేఖలు. టెక్కలి, కోటబొమ్మాళి, పాలకొండ, ఊరూరి పెళ్ళిళ్ళూ ఉన్నాయి. మొదటిది "చి.ల.సౌ. శ్రావణి". తెలుగు అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. సమాధి ఒక్కటీ లేదు.

అప్పుడు నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. చర్చి కంప్యూటర్లో శుభలేఖల పని చేసేవారా?"

"శుభలేఖలేటి?"

"పై సంపాదనకని కాదు. ఖాళీ టైములో..."

ఆయన పేపరు మడిచి లేచి నిలబడ్డారు. "ఏటి బెన్హర్, సండేస్కూల్లో నీకు పది ఆజ్ఞలూ కంఠతా పట్టించింది నేను. నన్నా అడుగుతావు?"

"మరి ఈవిడెవరండీ?"

"నాకేటి తెలుసు? నువ్వు తెచ్చావు ఆవిణ్ణి!"

ఇద్దరం ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే దేముడమ్మ కొబ్బరిముక్కల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎవరి మొహం చూసినా లోపలున్నది చెప్పేయగలదు.

"ఏట్రా, ఇద్దరూ అలాగ సూసుకుంటన్నారు? ఎవులు పోయినారేటి?"

"ఏం లేదు మామ్మా. డిస్కు తేడా చేసింది."

"ఆ రేకుడబ్బాలేనా? పొద్దున్న నాను సూసినప్పుడు బాగానే ఉన్నాయి. ఒకదానికి బొట్టున్నాది, ఒకటి బోడినుదురుతో పడున్నాది. శుక్రవారం పూట అలాగ ఒగ్గేస్తానేటి? దానికీ ఎట్టినాను."

 "దానికీ పెట్టావా? అయితే రెండింటికీ ఉండాలి కదా మామ్మా. నేను వచ్చేసరికి ఒకదానికే ఉంది."

"నానైతే ఎట్టినాను. నా సేత్తో ఎట్టినాను" అంది దేముడమ్మ.

మాస్టారు నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డారు. జేబులోంచి తెల్ల జేబురుమాలు తీసి బల్ల మీద పెట్టారు. దాని మధ్యలో ఎర్రటి మరక ఉంది.

"ఈవిడ వెళ్ళాక చూశాను. రెండింటికీ బొట్లున్నాయి" అన్నారు గొంతు తగ్గించి. "రెండూ ఈవిడే పెట్టిందనుకున్నాను. ఎడం పక్కది మనదని నువ్వే చెప్పావు కదా. చర్చి వస్తువు మీద కుంకుమేటి అనిపించింది. ఈవిడ మనసు నొచ్చుకోకుండా, వెళ్ళాకే తుడిచేశాను."

అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. దేముడమ్మ తుక్కు డిస్కుకి బొట్టు పెట్టింది. మాస్టారు చర్చి డిస్కుకి ఉన్న బొట్టు తుడిచారు. ఇద్దరూ భక్తితోనే చేశారు. నేను బొట్టు చూశాను గానీ ఎడమా కుడీ చూడలేదు. ఏడేళ్ళ అలవాటు. శుభలేఖల డిస్కుని తీసుకెళ్ళి చర్చి డిస్కు మీద రాసేశాను. ఒక్క మాట, బొట్టు నేనే పెట్టానన్న ఒక్క మాట మాస్టారికి చెప్పి ఉంటే ఇదంతా లేదు. సిగ్గుపడి నోరు మూసుకున్నందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"ఇప్పుడు బేబీకి ఏటి చెప్తాం?" అన్నారు మాస్టారు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. శనివారం తలుపు తీయడమే తీయడం, చర్చి డిస్కుని షాపు కంప్యూటరుకి తగిలించి, పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేరు పెట్టాను. కొంచెం ప్రాణం లేచొచ్చింది. కాపీ సరుకున్నంత మేరే రాస్తుంది కాబట్టి, శుభలేఖలు డిస్కులో ముందు భాగం వరకే పరుచుకున్నాయి. చర్చి ఫైళ్ళు వెనక భాగంలో ఉన్నాయి. మూడు వందల పన్నెండు ఫైళ్ళు బయటపడ్డాయి. కానీ ఒక్కదానికీ పేరు లేదు. ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లే.

మొదటిది తెరిచాను. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. రెండోదీ అంతే. పదోదీ అంతే. మాస్టారు కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ, "నేను తెలుగే కదా టైపు చేశాను" అంటున్నారు. ఆయన చేసింది తెలుగే. కానీ ఆ రోజుల్లో తెలుగు కొట్టాలంటే ఒక ఫాంటు విడిగా ఎక్కించుకోవాలి. అది లేని కంప్యూటర్లో తెలుగు ఇలాగే కనిపిస్తుంది. ఆ ఫాంటు డిస్కు ముందు భాగంలో ఉండేది. ముందు భాగం పోయింది.

బేబీ అత్త పదింటికల్లా వచ్చి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం దాకా ఉండాల్సి వస్తుందేమోనని ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుంది.

"దొరికినాడా బాబూ?"

"వెతుకుతున్నానత్తా" అన్నాను ఆవిడ వైపు చూడకుండా. మూడు వందల పన్నెండు ఫైళ్ళలో ఎక్కడో ఉన్నాడు. నా కళ్ళ ముందే ఉన్నాడేమో, చదవడం రావడం లేదు. చదువుకున్నవాణ్ణి, చదవడం రాకుండా కూర్చున్నాను. 

పక్క బల్ల మీద కొత్త సీపీయూ నిన్నటినుంచీ అలాగే ఆన్‌లో ఉంది. పెళ్ళికూతురు నవ్వుతూనే ఉంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండి ఆపేద్దామని లేచాను. మీట దగ్గర చెయ్యి ఆగిపోయింది. చి.ల.సౌ. శ్రావణి. ఆ శుభలేఖల్లో తెలుగు చక్కగా కనిపించింది కదా! ఆ రోజుల్లో ఈ జిల్లాలో తెలుగు కొట్టిన ప్రతివాడూ ఒకరి దగ్గర ఒకరు తెచ్చుకుని ఎక్కించుకున్నది ఒకటే ఫాంటు.

ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులో వేసి పెళ్ళికూతురి కంప్యూటర్లో పెట్టాను. మొదటిది తెరిచాను. "స్త్రీల సమాజము, నెలవారీ కూటము." మాస్టారు గట్టిగా "స్తోత్రం!" అన్నారు. ఆయన గొంతు అంత పైకి లేవగా నేనెప్పుడూ వినలేదు. నూట పద్దెనిమిదో ఫైలు సమాధుల తోట రిజిస్టరు.

బేబీ అత్త లేచి వచ్చి నా వెనక నిలబడింది. మాస్టారు వేలు పెట్టి ఒక్కొక్క గడీ దిగుతూ చదివారు. "ఆరో వరస, రెండో నంబరు. బేబీ గారి మగబిడ్డ. పదకొండు రోజులు. పందొమ్మిది వందల ఎనభై నాలుగు, జులై."

"ఆరో వరసా?" అన్నాను. "అత్తా, ఆరో వరస వెనక గోడ దగ్గర, బావి పక్కన. రోడ్డు దాని జోలికే రాదు. నీ బిడ్డని ఎవరూ కదపరు!"

నేను ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి అయోమయంగా చూసింది.

"గన్నేరు కాడ కదా?"

మాస్టారు నుదురు రుద్దుకున్నారు. "ఆ రోజుల్లో బావి దగ్గర కూడా ఒక గన్నేరు ఉండేదమ్మా. వేళ్ళు బావిలోకి దిగుతున్నాయని ఎప్పుడో కొట్టించేశాం. మీ ఆయన బస్సులోంచి చూపించింది దాన్నేమో."

అత్త మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. టిఫిను డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టేసింది.

"మరి నాను ఎవులికి ఎలిగించినాను? గన్నేరు మొదట్లో, నడిమద్దిని ఉన్నాడు కదా. ఆడెవులు?"

మాస్టారు మళ్ళీ పైకి వెళ్ళి చదివారు. "మొదటి వరస, మూడో నంబరు. పేరు తెలియదు. మగ. ఇరవై ఏళ్ళు ఉండవచ్చు. రోడ్డు ప్రమాదం. లారీ క్లీనరు కావచ్చు. జేబులో కొత్త నిబంధన పుస్తకం దొరికినందున మన తోటలో భూస్థాపన చేయడమైనది. పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిది."

 బయట హైవే మీద లారీలు పోతున్నాయి.

"అయితే నా గుంటడు ఇన్నేళ్ళూ సీకట్లో ఉండిపోనాడు" అంది అత్త. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.  ఈ ఫైలు దొరక్కుండా ఉంటేనే మంచిదేమో, నేను ఆవిడకి మేలు చేశానో కీడు చేశానో తెలియలేదు.

ఇంతలో ఆవిడే అడిగింది. "ఈ క్లీనరు కోసం ఎవులైనా పేరు రాయించినారేటి?"

మాస్టారు జేబులోంచి కమిటీ జాబితా తీసి చూశారు. "అటూ ఇటూ వాళ్ళకి రాయించారు. అతనికి లేదు. ఎవరున్నారమ్మా రాయించడానికి?"

"అయితే రోడ్డు కిందకెలిపోతాడా?"

మాస్టారు తల దించుకుని జాబితా మడవబోయారు.

"నా పేరు రాయండి."

"రాస్తాను బేబీ. కానీ చుట్టరికం అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే కమిటీవాళ్ళు ఒప్పుకోరు. ఏమని రాయమంటావు?"

"కొడుకని రాయండి."

"రికార్డు కదమ్మా, అలా ఎలా..."

"మాస్టారూ" అంది అత్త, గొంతు పెంచకుండా. "నాను ఏడిసిందంతా ఆడి కాడే. ఆడి తల్లి ఏ ఊర్ల ఉందో, ఆడు పోనాడని దానికి తెలుసో నేదో. ముప్పై అయిదేళ్ళు ఆడికి తల్లెవులు?"

డేవిడ్‌రాజు మాస్టారు కళ్ళజోడు తీశారు. జేబురుమాలు తీసి తుడుచుకున్నారు. నిన్నటి ఎర్ర మరక అలాగే ఉంది, ఆయన దాన్ని దాచుకోలేదు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నాతో, "టైపు చెయ్యి" అన్నారు.

పెళ్ళికూతురి కంప్యూటర్లోనే కొత్త పేజీ తెరిచి కొట్టాను. మొదటి వరస, మూడో నంబరు. పేరు తెలియదు. చుట్టరికం: కొడుకు. రెండు ప్రింట్లు తీస్తే, ఒకటి మాస్టారు కమిటీ జాబితాతో కలిపి జేబులో పెట్టుకున్నారు.

బేబీ అత్త రెండో కాగితం తీసుకుని, చదవకుండానే నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. "పద బాబూ, ఆ ఆరో వరస సూపించు. తోవలో కొవ్వొత్తి కొనుక్కుందాం. ఈస్టరు దాకా ఆగలేను నాను."

దేముడమ్మ ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వచ్చి, పటం ముందున్న అగ్గిపెట్టె తీసి అత్త చేతిలో పెట్టింది. అత్త దాన్ని కొంగున ముడి వేసుకుని మెట్లు దిగింది.